ఎనిమిది అంగుళాల బెల్ ఎయిర్

1-8-4-3-6-5-7-2. షెవర్లే వి-8 ఇంజిన్‌లో ఒక సిలిండర్ తర్వాత మరొకటి మండే వరస ఇది. 1955లో 265 క్యూబిక్ అంగుళాల ఇంజిన్‌తో మొదలై దశాబ్దాల పాటు ఇదే వరస నడిచింది. చిత్తూరులో నా మిత్రుడొకరు కట్టిన 1957 షెవర్లే బెల్ ఎయిర్ బుల్లి నమూనా బానెట్‌ను గోటితో ఎత్తి, భూతద్దం పెట్టి చూడండి. ఇంజిన్ వెనకవైపున్న డిస్ట్రిబ్యూటర్ మూతలోంచి ఎనిమిది తీగలు బయల్దేరతాయి. బేసి సంఖ్యలవి డ్రైవర్ పక్కకు, సరి సంఖ్యలవి అవతలి పక్కకు చీలి, ఏ ప్లగ్గుకు చేరాల్సింది ఆ ప్లగ్గుకే చేరతాయి. ఒక్కో తీగ మందం 0.3 మిల్లీమీటర్లు. ఆ కారు ఎన్నటికీ స్టార్ట్ కాదు. బానెట్ మూసేస్తే ఆ తీగలు ఎవరి కంటా పడవు. అయినా ఆయన వరస తప్పలేదు. ఈ విద్యలో పెద్దరికమంతా అక్కడే ఉందని నా నమ్మకం.

మా ప్రాంతంలో చేతిపని అనగానే ఏర్పేడు దగ్గరి మాధవమాల కొయ్య శిల్పాలు, తిరుపతి ఎర్రచందనం బొమ్మలు, శ్రీకాళహస్తి కలంకారీ గుర్తొస్తాయి. అవి ఉండగా అమెరికా కార్ల నమూనాలతో మీకేం పనని అడిగేవాళ్లు చాలామంది. గుడి వాహనం చెక్కే ఆచారి గరుత్మంతుడి ముక్కు వంపు కుదిరేదాకా ఉలి దించడు. బెల్ ఎయిర్ తోక రెక్క అంచు పదును కుదిరేదాకా ఉప్పుకాగితం దించనివాడిదీ అదే పట్టుదల. పైగా ఆ కార్లు మనకు అంత పరాయివేమీ కావు. జనరల్ మోటార్స్ 1928 నుంచి 1954 దాకా బొంబాయి సేవ్రీలో షెవర్లేలు బిగించింది. ప్రీమియర్ కంపెనీ డాడ్జ్, ప్లిమత్, డిసోటో కార్లను, ఫార్గో లారీలను మన దేశంలోనే తయారు చేసి అమ్మింది. మన తాతల తరం దారి పక్కన నిలబడి నోరెళ్లబెట్టి చూసిన బళ్లే ఇవి.

విడి భాగాలు పెట్టెలో పెట్టి అమ్మే ప్లాస్టిక్ కిట్ల చరిత్ర క్లుప్తంగా చెబుతాను. 1948లో డెట్రాయిట్‌లో ఒక వకీలు పెట్టిన ఎ.ఎం.టి. సంస్థ మొదట కార్ల డీలర్ల కోసం చిన్న నమూనాలు చేసేది. 1958లో ఒకే పెట్టెలో మూడు రకాలుగా కట్టుకునే వీలున్న కిట్లు తెచ్చింది. కాలిఫోర్నియాలో రెవెల్, షికాగోలో మోనోగ్రామ్, డెట్రాయిట్‌లోనే జో-హాన్ కూడా ఇదే పనిలో ఉండేవి, తర్వాత ఎం.పి.సి. వచ్చింది. డెట్రాయిట్ సంస్థలన్నీ 1/25 కొలతను పట్టుకున్నాయి, మోనోగ్రామ్ మాత్రం 1/24. నా ఓటు ఎప్పుడూ 1/25కే. అసలు బెల్ ఎయిర్ పొడవు సరిగ్గా 200 అంగుళాలు. 25తో భాగిస్తే ఎనిమిది అంగుళాలు, లెక్కలో చిల్లర మిగలదు. ఇక కంపెనీల్లో జో-హాన్‌ను మించింది లేదని ఎవరితోనైనా వాదిస్తాను. క్రైస్లర్ సంస్థ 1960ల్లో 55 టర్బైన్ కార్లు చేసి, వాటిలో చాలావాటిని తుక్కు చేసింది. తొమ్మిదే మిగిలాయి. ఆ కారును లోపలి టర్బైన్ ఇంజిన్‌తో సహా జో-హాన్ కిట్‌లో పోతపోసిన తీరు చూస్తే, అసలు కారు పోయినా దాని కొలత నిలిచిందనిపిస్తుంది.

ఇప్పుడు పని సంగతి. పెట్టె తెరవగానే జిగురు తీసేవాడు ఈ విద్యకు పనికిరాడు. ముందు సబ్బు నీళ్లతో భాగాలన్నీ కడగాలి. అచ్చు నుంచి ఊడిరావడానికి పూసిన జిడ్డు ప్లాస్టిక్ మీద ఉంటే రంగు నిలవదు. తర్వాత కారు ఒంటి మీద అచ్చు అతుకు గీతలు వెతకాలి. రెక్కల మీదుగా, పైకప్పు అంచుల వెంట వెంట్రుకంత ఎత్తున ఉంటాయి. బ్లేడు వీపుతో గీకి, 400 నంబరు ఉప్పుకాగితంతో మొదలుపెట్టి సన్నని నంబర్లకు వెళ్లాలి. తలుపుల చుట్టూ ఉండే సందు గీతలు అచ్చులో లోతు తక్కువగా వస్తాయి. వాటిని కూడా బ్లేడు వీపుతోనే నిదానంగా, ఒక్కో గీటుకు కొంచెం చొప్పున లోతు చేయాలి. చెయ్యి జారిందా, గీత పక్కదారి పట్టి తలుపు మధ్యలోకి వస్తుంది. ఇక పుట్టీ పెట్టి, ఎండనిచ్చి, మళ్లీ మొదటికి.

రంగు దగ్గర అసలైన పరీక్ష. 1/25 నమూనా మీద రంగు మందమైతే ‘బెల్ ఎయిర్’ అన్న అక్షరాలు పూడిపోతాయి, గీతలు మూసుకుపోతాయి. ఎర్ర ప్లాస్టిక్ మీద తెల్ల రంగు వేస్తే లోపలి ఎరుపు పైకి ఊరి గులాబీ రంగు తేలుతుంది. కింద వెండి పూత వేస్తేనే అది ఆగుతుంది. ఊళ్లో కారు రంగు కలిపే కొట్ల నుంచి తెచ్చిన లాకర్‌ను ప్రైమర్ లేకుండా కొట్టారంటే, ఘాటుకు ప్లాస్టిక్ పగిలిన చెరువు మట్టిలా నెర్రెలు బారుతుంది. వీటన్నిటికీ తోడు మన వాతావరణం ఒకటి. తిరుపతిలో అక్టోబరు, నవంబరు వానల్లో గాలి తేమకు లాకర్ మీద తెల్లటి మంచు పొర కమ్ముతుంది. మే నెల ఎండకు రంగు ఎయిర్ బ్రష్ నుంచి ఒంటి మీద పడేలోపే పొడిగా మారి గరుకు తేలుతుంది. అందుకే ఇక్కడి గట్టి పనివాళ్లు జనవరి, ఫిబ్రవరి ఉదయాలను రంగు కోసమే అట్టిపెట్టుకుంటారు. అంగడిలో దొరకని మెటాలిక్ ఛాయల కోసం ఫ్యాన్సీ స్టోర్ నెయిల్ పాలిష్‌ను లాకర్ థిన్నర్‌తో పలచన చేసి, 0.2 మిల్లీమీటర్ల నాజిల్‌తో కొడతారు. అందులోని మెరుపు రవ్వ అంత సన్నగా ఉంటుంది కనుకే అది కొలతకు కుదురుతుంది. అన్నట్టు, 1955 నుంచి 1957 దాకా షెవర్లే రంగుల పట్టీలో ఒక దంతపు తెలుపు ఉండేది. దాని పేరు ఇండియా ఐవరీ. బెల్ ఎయిర్ పైకప్పుకు ఆ తెలుపు, ఒంటికి లార్క్‌స్పర్ నీలం వేసి చూడండి, ఇంకో జత మీద మనసు పోదు.

ఇక క్రోమ్ పట్టీలు. వెండి రంగు కుంచెతో గీసి చేతులు దులుపుకునేవాళ్ల పని దూరం నుంచే తెలిసిపోతుంది. తెలిసినవాళ్లు బేర్ మెటల్ ఫాయిల్ వాడతారు. అది వెనక జిగురున్న రేకు. ఎంత పలచనంటే ఊపిరి తగిలితే ముడుచుకుంటుంది. పట్టీ కంటే వెడల్పుగా కత్తిరించి పరిచి, దూది పుల్లతో మెత్తగా అదిమి, కొత్త బ్లేడుతో అంచు వెంట కోయాలి. కారు ఒకటికి బ్లేడ్లు ఎన్ని మారిస్తే అంత మంచిది, ఇక్కడ పొదుపు పనికిరాదు. అక్షరాలకు ఇంకో కిటుకుంది. రంగు వేయకముందే వాటి మీద ఫాయిల్ అంటించి, రంగంతా పూర్తయ్యాక థిన్నర్ తడిపిన పుల్లతో అక్షరాల నెత్తి మీద మాత్రం రుద్దుతారు. రంగు తొలగి, అడుగునున్న రేకు అక్షరం ఆకారంలో బయటపడుతుంది. ఆ పని మొదటిసారి చూసినవాళ్లు నోట మాట రాక నిలబడిపోవడం నాకు తెలుసు. బెల్ ఎయిర్ ముందరి జాలీ అసలు కారులో బంగారు ఛాయ. కిట్‌లో వచ్చే వెండి క్రోమ్ మీద పారదర్శకమైన పసుపు పలచగా వేసి, సందుల్లోకి పలచని నలుపు పారించారంటే జాలీకి లోతు వస్తుంది. ఎడమ రెక్క చివరి క్రోమ్ పట్టీ వెనక పెట్రోలు మూత దాగి ఉండేదని తెలిసిన మిత్రుడొకడు ఆ పట్టీని విడిగా కోసి కీలు పెట్టాడు. అది తెరిచి చూపించమని అడిగితే తప్ప చూపించడు. అలాంటివాళ్లకు నేను దండం పెడతాను.

లోపలి పనీ తక్కువది కాదు. తివాచీకి నైలాన్ నూగు చల్లుతారు. మీటరు ముఖం మీద చుక్క పారదర్శక వార్నిష్ వేస్తే అద్దం బిగించినట్టుంటుంది. డిస్ట్రిబ్యూటర్ కోసం సన్నని కడ్డీ మూతకు చుట్టూ ఎనిమిది, నడుమ కాయిల్ తీగకు ఒకటి, మొత్తం తొమ్మిది రంధ్రాలు చేత్తో తొలుస్తారు. సర్క్యూట్ బోర్డులకు వాడే డ్రిల్లు ములుకులు, పాత ఇయర్‌ఫోన్‌లోంచి లాగిన తీగలు, ఇవే సామగ్రి.

మహామహుల ముచ్చట్లు చెప్పకుండా ముందుకు వెళ్లలేను. ఇంగ్లండ్‌కు చెందిన జెరాల్డ్ వింగ్‌రోవ్ కిట్ అన్నది ముట్టకుండా, 1/15 కొలతలో డ్యూసెన్‌బర్గ్ వంటి కార్లను లోహం నుంచి నేరుగా మలిచాడు. చువ్వల చక్రాన్ని నిజం చక్రం అల్లినట్టే అల్లాడు. అమెరికాలో మిస్సోరీ రాష్ట్రపు లూయిస్ చెనో 1/6 కొలతలో డ్యూసెన్‌బర్గ్ ఎస్.జె. చేస్తే దాని ఎనిమిది సిలిండర్ల ఇంజిన్ నిజంగా తిరిగింది. మైకేల్ పాల్ స్మిత్ ఎల్గిన్ పార్క్ అనే లేని ఊరిని 1/24లో కట్టి, మామూలు చిన్న కెమెరాతో, వెనక నిజం చెట్లూ ఆకాశమూ వచ్చేట్టు ఫొటోలు తీశాడు. ఆయన ఊళ్లో కార్లు ఎక్కువగా అంగట్లో దొరికే, లోహంతో అచ్చుపోసిన డైకాస్ట్‌వి. అది నాకు మింగుడుపడదు గానీ, ఆ కన్నుకు సాటి లేదు. జనరల్ మోటార్స్ వారి ఫిషర్ బాడీ సంస్థ 1930 నుంచి 1968 దాకా కుర్రాళ్లకు నమూనాల పోటీ పెట్టేది. మొదట్లో నెపోలియన్ కాలపు గుర్రపు బండి, తర్వాత సొంతంగా ఊహించిన కార్లు. 1947లో గెలిచిన చక్ జోర్డాన్ ఆ కంపెనీ డిజైన్ విభాగానికే అధిపతి అయ్యాడు. చెక్కతో నమూనా చేసిన చేయి రేపటి కారు గీసిందన్నమాట. పిల్లవాడు జిగురు పట్టుకుంటే చదువు పాడవుతుందనే తల్లిదండ్రులకు ఈ ఒక్క సంగతి చెప్పి చూడండి.

ఇంత విద్య ఇవాళ ఏ స్థితిలో ఉంది? రెవెల్‌ను నడిపిన అమెరికా మాతృసంస్థ 2018లో దివాలా తీసింది. రెవెల్ చేతులు మారి బతికింది. జో-హాన్ లేదు, దాని అచ్చులు చెల్లాచెదురయ్యాయి. ఎ.ఎం.టి. పాత అచ్చులు రౌండ్ 2 సంస్థ పుణ్యమా అని మళ్లీ పోత పడుతున్నాయి. అంచుల్లో పొరలు తేలినా సరే, అవి బతికి ఉన్నందుకు వారికి రుణపడి ఉన్నాం. 1979లో మొదలై నాలుగు దశాబ్దాలు దారి చూపిన స్కేల్ ఆటో పత్రిక ఆగిపోయింది.

మన దగ్గరి సంగతి ఇంకా కష్టం. బొమ్మల మీద దిగుమతి సుంకం 2020లో 20 శాతం నుంచి 60కి, 2023లో 70కి పెరిగింది. కొలత నమూనాలు కూడా సుంకాల పట్టికలో బొమ్మల పద్దు కిందికే వస్తాయి. నాసిరకం చవక బొమ్మలను ఆపడానికి వేసిన సుంకం, నెలల తరబడి చేతిపని కోరే కిట్ మీద కూడా పడింది. పిల్లల బొమ్మలను కాపాడండి, ఎవరూ కాదనరు. కానీ నలభై ఏళ్లు దాటినవాళ్లు భూతద్దం పెట్టుకుని కట్టే కిట్‌కు, గిలక్కాయకు ఒకే లెక్కా? అందుకే ఇక్కడ కిట్లు అమెరికా నుంచి సెలవులకొచ్చే పిల్లల సూట్‌కేసుల్లో రావాల్సి వస్తోంది. ఇటునుంచి ఆవకాయ, మామిడి తాండ్ర వెళ్తాయి, అటునుంచి ఒక ’40 ఫోర్డ్ వస్తుంది. ఇంట్లో ఒక్కరూ పరదేశంలో లేని కుర్రవాడి గతేమిటి?

వీటికంటే నన్ను మండించేది ఇంకొకటుంది. అంగట్లో తెచ్చిన డైకాస్ట్ కారును అద్దాల బీరువాలో పెట్టి ‘నా మోడల్’ అనడం. పిల్లి కూడా దూరేటన్ని తలుపు సందులు, అక్షరాలు పూడిపోయిన రంగు, గోడ గడియారంలా మెరిసే క్రోమ్, గొట్టంలా పోతపోసిన ఇంజిన్. అలాంటి దానికి వేలకు వేలు పోసేవాళ్లు, అందులో సగం ఖర్చుతో చేతిపని నేర్చుకోవచ్చని చెబితే వినరు. ప్రదర్శనల్లో ఈ రెంటినీ ఒకే బల్ల మీద పెట్టి ఒకే బహుమతికి పోటీ పెట్టడం పనివాణ్ణి అవమానించడమే. నేను దానికి ఒప్పుకోను, ఎన్నటికీ ఒప్పుకోను. త్రీడీ ప్రింటర్‌తో పేచీ లేదు. దాంతో చేసిన కార్బురేటర్ చూడముచ్చటగానే ఉంటుంది. కానీ కారంతా అచ్చొత్తి, రంగు కొట్టి, ‘చేత్తో చేశాను’ అనకూడదు.

తిరుపతిలో ప్రాంతీయ విజ్ఞాన కేంద్రం ఉంది, దేవస్థానం వారి శిల్ప కళాశాల ఉంది, ఇంజినీరింగ్ కాలేజీలకు లోటు లేదు. ఏడాదికోసారి రెండు రోజులు ఒక హాలు, పది బల్లలు, మంచి వెలుతురు ఇవ్వండి. కట్టేవాళ్లు వాళ్లంతట వాళ్లే వస్తారు. కొయ్య చెక్కే కుర్రాళ్లను కూడా పిలవండి. వాళ్ల చేతుల్లో ఉన్న అదుపు మాలో చాలామందికి లేదు.

అటక మీద విప్పని కిట్ పెట్టె ఉన్నవాళ్లు దాన్ని కిందికి దించండి. కొత్తగా మొదలుపెట్టేవాళ్లు తలుపులు తెరుచుకునే పాత రెవెల్ ’57 షెవర్లే జోలికి పోవద్దు. ఆ కీళ్లు చేయి తిరిగినవాళ్లకే చెమటలు పట్టిస్తాయి. ఎ.ఎం.టి. ’57 తలుపులు మూసే ఉంటాయి, అది పట్టుకోండి. కట్టి ముగించాక టైర్లను ప్లాస్టిక్ చక్రాలకు నేరుగా తగలనివ్వకండి. మెత్తని వినైల్ ఏళ్ల మీద ప్లాస్టిక్‌ను కరిగించి తినేస్తుంది. నడుమ ఫాయిల్ ముక్క ఒకటి చుట్టండి చాలు.