ఘోటుల్ కూడా బడి కట్టడమే

ఇంగ్లండు పల్లెల్లో చర్చి, పాదిరీ గారి ఇల్లు, బడి ఒక్కచోటే లేచిన కాలం ఒకటుంది. ఆంగ్లికన్ బళ్లు పెట్టించడానికి నేషనల్ సొసైటీ 1811లో ఏర్పడింది. యార్క్‌షైర్‌లోని బాల్డర్స్‌బీ సెయింట్ జేమ్స్‌లో వాస్తుశిల్పి విలియం బటర్‌ఫీల్డ్ 1850లలో ఈ మూడింటికీ తానే నమూనాలు గీశాడు. వాటిని వాస్తుకళ కింద చదువుకోవడానికి ఎవరికీ పేచీ లేదు. బస్తర్‌లో నారాయణపూర్, కొండగావ్ వైపు మురియా గోండుల ఘోటుల్‌ను, అంటే పెళ్లికాని కుర్రకారు రాత్రిళ్లు కలిసి గడిపే చోటును, మాత్రం ఆచారాల పద్దులో రాసేసి ఊరుకుంటాం. అదీ పిల్లల్ని పెద్దవాళ్లను చేయడానికి కట్టిన కట్టడమే. తేడా అల్లా, పాదిరీ గారి ఇల్లు బడి మీద కన్నేసి ఉంటుంది, ఘోటుల్‌లో పంతులికి గదే లేదు.

చుట్టూ దడి, మనిషి పట్టేంత సందు, లోపల ఊడ్చి అలికిన వాకిలి. వాకిట్లో గోడల్లేని పందిరి, దాని వెనుక పాక. తడికెలకు మట్టి మెత్తిన గోడలు, వంగితే తప్ప దూరలేని గుమ్మం, పైన గడ్డి కప్పు, నడుమ రాత్రంతా ఆరని నెగడు. పనితనమంతా పందిరి గుంజల్లో ఉంటుంది. వాటి మీద చెక్కిన బొమ్మల్లో దువ్వెన ఒకటి. చేలిక్‌లు, అంటే కుర్రాళ్లు, మోటియారీలకు, అంటే ఆడపిల్లలకు, చెక్కి ఇచ్చే దువ్వెనే అది. సాయంత్రం కుర్రాళ్లు కట్టెలు తేవాలి, ఆడపిల్లలు ఊడ్చి అలకాలి. ఎగ్గొడితే జరిమానా, అదీ పిల్లల్లోనే ఎన్నికైన నాయకులు వేసేది. అందుకే ఈ కట్టడానికి మరమ్మతు వేరే పని కాదు, అదే పాఠం. గడ్డి కుళ్లినప్పుడల్లా కొత్త తరం కప్పు నేయడం నేర్చుకోవాల్సిందే.

పదేళ్లు నిలవని పాకను కళ అనడమేమిటని అడగవచ్చు. రాయి కట్టడం తనను తాను నిలుపుకుంటుంది, ఘోటుల్ తనను కట్టగల చేతుల్ని నిలుపుతుంది. దేని విలువ దానిదే. మానవ శాస్త్రవేత్త వెరియర్ ఎల్విన్ 1947లో మురియాల ఘోటుల్ గురించి పెద్ద గ్రంథమే రాశాడు. అందులో కట్టెల లెక్కా, జరిమానాల లెక్కా ఉన్నా, చాలామంది గుర్తుపెట్టుకున్నది కుర్రకారు సరసాలనే. ఇక అక్షరాల మాట. ఘోటుల్ చదువు చెప్పదు, నిజమే. బడి కావాల్సిందే, ఆ బడి ఘోటుల్‌ను తుడిచిపెట్టి రానక్కర్లేదు. ఇటీవల సర్కారు డబ్బుతో కొన్ని ఘోటుళ్లు కట్టిస్తున్నారు. మంచిదే, కానీ కాంట్రాక్టరు పోసిన సిమెంటు స్తంభం మీద ఏ చేలిక్ ఉలి పెడతాడు? ఆ డబ్బు కలపకూ గడ్డికీ ఇచ్చి, చెక్కే పని, కప్పే పని ఆ ఊరి పిల్లలకే వదిలేయాలి.