రెండు క్రేడిళ్లు, ఒకే రేడియో

స్కైఫై రేడియోలో చూడాల్సింది ముందువైపు కాదు. ఐదు వరుసల అక్షరాలు పట్టే స్క్రీన్, నంబర్ల బటన్లు, చానెళ్లు మార్చే చక్రం బాగానే ఉంటాయి. డెల్ఫీ ఇంజనీర్ల చేతి పనితనం తెలిసేది మాత్రం ఆ పెట్టె తన క్రేడిల్‌తో, అంటే దాన్ని కూర్చోబెట్టే గూటితో, కలిసే చోట. జనరల్ మోటార్స్ నుంచి 1999లో విడిపోయిన ఈ విడిభాగాల సంస్థ 2002లో అమెరికా మార్కెట్లోకి తెచ్చిన శాటిలైట్ రేడియో ఇది. క్రేడిల్‌లోకి జార్చి నొక్కితే కదలకుండా కూర్చుంటుంది. ఆ ఒక్క నొక్కుతో మూడు పనులు జరిగిపోతాయి. కరెంటు లోపలికి వస్తుంది, యాంటెన్నా పట్టిన సిగ్నల్ లోపలికి వస్తుంది, పాట బయటికి వెళుతుంది. తీసేటప్పుడు మూడూ ఒకేసారి తెగుతాయి. చేతిలోకి వచ్చిన పెట్టెకు వేలాడే తీగ ఒక్కటీ ఉండదు.

మూడింటిలోకీ కష్టమైనది సిగ్నల్‌ని దాటించడం. కరెంటుకైతే ఏ మామూలు పిన్నయినా చాలు. 2.3 గిగాహెర్ట్జ్ తరంగం అలా ఊరుకోదు. కలిసే చోట అమరిక కాస్త తేడా వచ్చినా కొంత భాగం వచ్చిన దారినే వెనక్కి పోతుంది. ఆకాశం నుంచి దిగేసరికే అది ఎంతో బలహీనపడి ఉంటుంది కాబట్టి పోగొట్టుకోవడానికి ఎక్కువేమీ మిగలదు. అలాంటి సిగ్నల్‌ని రోజూ పెట్టి తీసే అతుకు గుండా దాటించాలి, వాడే మనిషికి ఆ సంగతే తెలియకూడదు. ఈ చిన్న విషయం మీద ఎవరో చాలాకాలం కూర్చుని ఆలోచించారు. అందుకే ఈ పెట్టె మీద నాకు ఇంత గౌరవం.

ఒక వస్తువును రెండు ముక్కలు చెయ్యాల్సి వస్తే ఎక్కడ కొయ్యాలి? ఈ రేడియో తయారీ అంతా ఆ ప్రశ్నకు జవాబే. చందా కట్టేది మనిషి పేరు మీదే అయినా, తెరుచుకునేది రేడియో లోపలి చిప్. ప్రతి రేడియోకూ ఒక గుర్తింపు సంఖ్య ఉంటుంది. చానెల్ సున్నాకి తిప్పితే స్క్రీన్ మీద అది కనిపిస్తుంది. చందా కట్టాక ఉపగ్రహం ఆ సంఖ్యను పిలుస్తూ ఒక సందేశం పంపుతుంది. దేశంలోని రేడియోలన్నీ దాన్ని వింటాయి, ఆ సంఖ్య ఉన్న ఒక్కటే తలుపు తీస్తుంది. అంటే ఖరీదైనదీ, పేరున్నదీ ఆ చిన్న పెట్టె ఒక్కటే. యాంటెన్నా, అడాప్టర్, స్పీకర్ తీగ ఎవరివైనా ఒకటే. వాటికి పేరు లేదు, చందా లేదు. కనుక పేరున్న ముక్కను చేతిలో పట్టుకు తిరిగేలా చేసి, పేరు లేనివాటిని ఎక్కడివక్కడ బిగించి వదిలేశారు. కారులో ఒక క్రేడిల్, పడవలో ఒక క్రేడిల్, మధ్యలో నడిచేది ఒకే రేడియో. ఈ రేడియోకి ప్రసారాలు పంపే ఎక్స్‌ఎం సంస్థ మొదట నెలకు 9.99 డాలర్లు తీసుకునేది, 2005లో దాన్ని 12.95కి పెంచింది. ఇంట్లో రెండో రేడియో ఉంటే దానికి విడిగా 6.99 కట్టాల్సి వచ్చేది. వేసవిలో తప్ప నీళ్లలోకి దిగని పడవ కోసం ఏడాది పొడవునా ఆ చందా కట్టడం కంటే, ఒక్కసారి డబ్బు పెట్టి రెండో క్రేడిల్ కొనుక్కోవడం ఎంతో నయం.

హ్యూస్టన్‌లో ఉండే మా బావ చేసింది ఇదే. గాల్వెస్టన్ అఖాతం ఒడ్డున, కీమా దగ్గర ఆయన చిన్న పడవ ఉంటుంది. ఇంటి నుంచి అక్కడి దాకా కారులో పాడిన రేడియో, ఒడ్డు చేరాక ఆయన చొక్కా జేబులో ఎక్కి పడవలోకి వస్తుంది. "నువ్వు మెచ్చుకోవాల్సింది రేడియోని కాదురా, యాంటెన్నాని," అన్నాడాయన నాతో. విన్నాక దాన్ని ప్రత్యేకంగా చూశాను. ఆయన మాట నిజం.

ముందు ఆకాశంలో ఏముందో చెప్పాలి. ఎక్స్‌ఎం తొలి ఉపగ్రహాల పేర్లు రాక్, రోల్. 2001 మార్చి 18న రాక్, మే 8న రోల్ పైకెళ్లాయి. రెండూ సముద్రం మీది నుంచే ఎగిరాయి. ఒకప్పుడు ఉత్తర సముద్రంలో చమురు కోసం తవ్విన రిగ్గును మార్చి, ఒడిస్సీ అనే తేలే ప్రయోగ వేదికగా చేసింది సీ లాంచ్ సంస్థ. దాన్ని పసిఫిక్ మధ్యలో భూమధ్యరేఖ దగ్గరికి తీసుకెళ్లి అక్కడి నుంచి రాకెట్ వదిలేవారు. భూమి తిరిగే వేగం అక్కడ పూర్తిగా కలిసొస్తుంది, కక్ష్య వంపు సరిచేయడానికి ఇంధనం వృథా కాదు. ఆ పైన రాక్, రోల్ రెండూ భూమధ్యరేఖకు దాదాపు 36 వేల కిలోమీటర్ల ఎత్తున, వరుసగా పశ్చిమ రేఖాంశం 115, 85 డిగ్రీల దగ్గర నిలిచాయి. హ్యూస్టన్‌లో నిలబడి దక్షిణంగా చూస్తే ఒకటి కొంచెం ఎడమకు, ఒకటి కొంచెం కుడికి, రెండూ నడినెత్తికీ దిగంతానికీ సగం దారిలో ఉండేవి. ఉత్తరాన సుపీరియర్ సరస్సు దాకా వెళ్తే ఇంకా కిందికి వాలిపోయేవి. పోటీ సంస్థ సిరియస్ వేరే దారి పట్టింది. 2000లో మూడు ఉపగ్రహాలను బైకనూర్ నుంచి పంపి, అమెరికా మీద ఎనిమిది అంకె ఆకారంలో తిరిగేలా చేసింది. వాటిలో ఏదో ఒకటి ఎప్పుడూ నెత్తికి దగ్గరగా ఉండేది. రెండు ఆలోచనలూ మంచివే. 2008లో ఆ రెండు సంస్థలూ ఒకటయ్యాయి.

ఇక యాంటెన్నా. కారుకి ఇచ్చేది అగ్గిపెట్టెంత నల్లని బిళ్ల, అడుగున అయస్కాంతం. లోపల పింగాణీ లాంటి పలక మీద చిన్న లోహపు రేకు. ఈ తరంగం పొడవు దాదాపు 13 సెంటీమీటర్లు. పింగాణీలో అది కుంచించుకుపోతుంది కాబట్టే అంత చిన్న రేకు సరిపోతుంది. అయితే ఆ బిళ్ల ఒంటరిగా సగం యాంటెన్నాయే. మిగతా సగం కారు పైకప్పు. ఇనుప రేకు అద్దంలా నిలబడి కింది నుంచి వచ్చే చెత్తను ఆపుతుంది, పైనుంచి వచ్చేదాన్ని నిలబెడుతుంది. అందుకే కప్పు అంచున కాకుండా కాస్త లోపలికి పెట్టమంటారు. కొనేవాడి కారునే తన యంత్రంలో భాగం చేసుకున్న తెలివి ఇది, దానికి అదనంగా పైసా ఖర్చు లేదు.

పడవ దగ్గరికి వచ్చేసరికి ఆ తెలివి పనిచెయ్యదు. బావ పడవ ఫైబర్ గ్లాస్‌ది. అయస్కాంతం అంటదు, కింద లోహం లేదు. పైగా అది నిలకడగా ఉండదు. అల వస్తే ముక్కు పైకి లేస్తుంది, పక్కకి ఒరుగుతుంది. కారు బిళ్లకు ఒరగడం తెలియదు, రోడ్డు మీద ఆ అవసరం రాదు. అందుకని పడవకి వేరే యాంటెన్నా చేశారు. తెల్లని ప్లాస్టిక్ గుల్ల, అడుగున పడవల రెయిలింగ్ మీద అన్ని యాంటెన్నాలకూ వాడే అంగుళం మందం మర. కింద లోహం లేకుండానే పనిచేసేలా, చూపు పైనే కాక పక్కలకు కూడా బాగా పరుచుకునేలా దాన్ని కట్టారు. పడవ ఒక వైపు పదిహేను, ఇరవై డిగ్రీలు వాలినా రెండు ఉపగ్రహాల్లో ఒకటైనా చూపులో ఉంటుంది. లంగరు వేసిన పడవ గాలికి చుట్టూ తిరుగుతూనే ఉంటుంది కదా, దానికీ ముందే జవాబు ఉంది. ఈ ప్రసారం తరంగాన్ని నిలువుగానో అడ్డంగానో కాక గుండ్రంగా తిప్పుతూ పంపుతుంది, యాంటెన్నా అన్ని దిక్కులకూ సమానంగా వింటుంది. కాబట్టి పడవ ముక్కు ఏ దిక్కున ఉన్నా రేడియోకి తేడా తెలియదు.

రెండు యాంటెన్నాల్లోనూ లోపల ఒక చిన్న ఆంప్లిఫయర్ ఉంటుంది. సిగ్నల్ కేబుల్‌లోకి దిగకముందే దాన్ని పెంచాలి, ఎందుకంటే ఈ స్థాయిలో సన్నని కేబుల్ మీటరు మీటరుకూ తన వంతు తినేస్తుంది. ఆంప్లిఫయర్‌కి కావలసిన కరెంటు వేరే తీగ మీద రాదు. సిగ్నల్ కిందికి వచ్చే కేబుల్ మీదే కరెంటు పైకి వెళ్తుంది. ఒకే తీగ, రెండు ప్రయాణాలు, ఒకదానికొకటి అడ్డం పడవు. క్రేడిల్ వెనక చిన్న ఎస్‌ఎంబీ కనెక్టర్ ఒక్కటి నొక్కితే చాలు, మరలు తిప్పే పని కూడా లేదు. కారు కనెక్టర్ దగ్గర ఇంతకు మించి పట్టించుకునేది లేదు. పడవ దగ్గర మాత్రం బావ కేబుల్‌ని క్రేడిల్‌కి ముందు కాస్త కిందికి వంచి పైకి తెచ్చాడు, నీటి చుక్కలు ఆ వంపులోనే రాలిపోతాయి. ఉప్పుగాలి ఇత్తడిని ఊరికే వదలదు.

రోడ్డు మీద మరో చిక్కు ఉంది: వంతెనలు. హ్యూస్టన్ నుంచి గాల్వెస్టన్‌కి వెళ్లే ఐ-45 మీద కారు వంతెన కిందికి దూరిన ప్రతిసారీ ఆకాశం మూసుకుపోతుంది. దీనికి చేసిన ఏర్పాటు నాకు అన్నింటికంటే నచ్చుతుంది. రెండు ఉపగ్రహాలూ ఒకే కార్యక్రమాన్ని పంపుతాయి, కానీ ఒకటి దాదాపు నాలుగు సెకన్లు ఆలస్యంగా పంపుతుంది. రేడియో ముందు వచ్చినదాన్ని జ్ఞాపకంలో దాచిపెట్టి, వెనక వచ్చే దానితో కలిపి వినిపిస్తుంది. కారు గంటకి వంద కిలోమీటర్ల వేగంతో పోతుంటే నాలుగు సెకన్లలో నూటపది మీటర్లు దాటుతుంది. మామూలు వంతెనలేవీ అంత వెడల్పు ఉండవు. ఆకాశం మూసుకుపోయిన క్షణాల్లో రావాల్సిన మాటలు ముందే వచ్చి ఉంటాయి, లేదా వెనక నుంచి వస్తాయి. పాట తెగదు. ఊరి నడిబొడ్డున, ఎత్తైన భవనాల మధ్య, ఆకాశం అసలే కనిపించని చోట్ల నేల మీది టవర్లు అదే ప్రసారాన్ని మళ్లీ పంపుతాయి. నీళ్ల మీదికి వచ్చాక టవర్లు ఉండవు, వంతెనలు ఉండవు, వాటి అవసరమూ ఉండదు. సెల్‌ఫోన్ సిగ్నల్ ఆగిపోయాక కూడా చాలా మైళ్ల దాకా ఇది పాడుతూనే ఉంటుంది. ప్రమాదం వస్తే పిలవడానికి మాత్రం పడవలో వీహెచ్‌ఎఫ్ రేడియోనే ఉండాలి. ఇది వినడానికే తప్ప మాట్లాడడానికి కాదు.

మన ఇళ్లలో శాటిలైట్ రేడియో అనగానే గుర్తొచ్చేది వరల్డ్‌స్పేస్. నోవా సమారా స్థాపించిన ఆ సంస్థ ఏషియాస్టార్ ఉపగ్రహాన్ని 2000 మార్చిలో పంపింది. తెలుగుకి స్పందన, కర్ణాటక సంగీతానికి శ్రుతి చానెళ్లు నడిపింది. 2009 డిసెంబర్ 31న భారతదేశంలో ఆగిపోయింది. ఎక్స్‌ఎం తొలినాళ్లలో దానిలో పెట్టుబడి పెట్టినవాళ్లలో ఈ సంస్థ కూడా ఉంది, ఇద్దరిదీ ఒకే ఊహ. కానీ మన దగ్గర ఆ పలక యాంటెన్నాని కిటికీలోనో డాబా మీదో ఆగ్నేయానికి తిప్పి, స్క్రీన్ మీద గీతలు నిండే దాకా వంచుతూ కూర్చోవాల్సి వచ్చేది. ఒకసారి దొరికితే శబ్దం ఎంత శుభ్రంగా ఉండేదో విన్నవాళ్లకి తెలుసు. దాన్ని కదిలే కారులో మాత్రం వినలేకపోయాం. ఒకే ఉపగ్రహం, నేల మీద టవర్లు లేవు, నాలుగు సెకన్ల తోడు లేదు. కదలని ఇంటికి కట్టిన వ్యవస్థ అది. కదిలే మనిషికి కట్టిన వ్యవస్థకు ఎన్ని అదనపు పొరలు కావాలో ఆ తేడాలో తెలుస్తుంది.

ఈ పెట్టెను తీసి పట్టుకుపోయేలా చేసింది దొంగల భయానికీ, చందా లెక్కకీ. పడవలో దానికి ఇంకో లాభం కలిసొచ్చింది. ఇది నీళ్లకు తట్టుకునే రేడియో కాదు. వారమంతా తేమలో, ఉప్పుగాలిలో ఒడ్డున పడి ఉంటే ఎంతకాలం బతికేదో చెప్పక్కర్లేదు. వారాంతంలో కొన్ని గంటలు మాత్రమే నీళ్ల మీద ఉండి, మిగతా రోజులు కారులో, ఇంట్లో ఉండడం వల్లే అది నిలిచింది. ఉప్పుగాలిని భరించేది తెల్ల గుల్ల, క్రేడిల్, తీగలు. అవి పాడైతే తక్కువ డబ్బుతో మార్చుకోవచ్చు.

ఇంత పనితనంలో ఒక్క బలహీనమైన చోటుంది, అది ఆఖరి మీటరు. కారు స్టీరియోకి పాట చేర్చడానికి చాలామంది వాడింది చిన్న ఎఫ్‌ఎం ట్రాన్స్‌మిటర్. ఖాళీగా ఉన్న ఎఫ్‌ఎం నంబర్ మీద రేడియో పాటని ప్రసారం చేస్తుంది, కారు స్టీరియో దాన్ని పడుతుంది. అమెరికా నిబంధనల ప్రకారం దాని బలం మూడు మీటర్ల దూరంలో మీటరుకు 250 మైక్రోవోల్టులు దాటకూడదు. హ్యూస్టన్‌లాంటి నగరంలో ఎఫ్‌ఎం నంబర్లన్నీ నిండి ఉంటే పక్క స్టేషన్ గరగర వచ్చి కలుస్తుంది. 36 వేల కిలోమీటర్లు శుభ్రంగా దిగిన శబ్దం కారులోపల రెండడుగుల్లో మలినమవుతుంది. తర్వాత సిరియస్ ఎక్స్‌ఎం తెచ్చిన పవర్‌కనెక్ట్, సిగరెట్ లైటర్ సాకెట్లో పెట్టే కరెంటు తీగనే ఎఫ్‌ఎం యాంటెన్నాగా వాడుకుని దీన్ని కొంత సరిదిద్దింది. పడవ స్టీరియోలో ఆక్స్ సాకెట్ ఉంటుంది. బావ అక్కడ ట్రాన్స్‌మిటర్ జోలికి పోకుండా క్రేడిల్ నుంచి నేరుగా తీగ వేశాడు, మధ్యలో ఇంజిన్ ఆల్టర్నేటర్ రొద రాకుండా ఒక ఐసోలేటర్ పెట్టాడు. కరెంటు విషయంలో మార్చాల్సింది ఏమీ లేకపోయింది, కారులోనూ పడవలోనూ ఉన్నది 12 వోల్టుల బ్యాటరీయే. అదే రేడియో, అదే చానెల్, కారులో కంటే పడవలోనే శబ్దం స్పష్టంగా ఉంటుంది.