వేవిళ్ల పాట ఎవరిది?

గర్భిణీ స్త్రీ ఎప్పుడూ సంతోషంగా ఉండాలని తెలుగులో ఎన్ని పుస్తకాలు చెప్పినాయో లెక్కలేదు. పాతకాలపు స్త్రీధర్మాల పుస్తకాలు చెప్పినాయి, పత్రికల వైద్య శీర్షికలు చెప్పినాయి, ఆసుపత్రి గోడల మీది బొమ్మలు ఇప్పటికీ చెబుతున్నాయి. ఆ బొమ్మలో మనిషిని ఒకసారి చూడండి. తెల్లగా, నిండుగా, చేతులనిండా గాజులతో, ఒక చెయ్యి కడుపు మీద పెట్టుకుని కూచోనుంటుంది. ఎదురుగా పళ్ళ బుట్ట. అనంతపురం జిల్లాలో ఏ చెనిక్కాయ చేన్లోనూ ఈ మనిషి మాకు తగల్లేదు. మాకు తెలిసిన మనిషి కలుపు సాళ్ళల్లో కడుపు మోకాళ్ళకు ఒత్తుకోకుండా ఒక పక్కకు ఒరిగి, పక్క సాలులోని ఆడమనిషి కంటే వెనకబడకుండా చూసుకుంటూ జరుగుతుంటుంది. వెనకబడితే మరుసటి రోజు కూలికి పిలవరు. మా అమ్మలు మమ్మల్ని మోసింది ఇట్లానే.

ఈ ఇద్దరు మనుషుల మధ్య ఉన్న దూరం గురించి తెలుగు సాహిత్య విమర్శ మాట్లాడవలసినంత మాట్లాడలేదని మా ఆరోపణ. కడుపుతో ఉన్న మనిషి ఒంట్లో వచ్చే మార్పులు, మనసులో వచ్చే ఎగుడుదిగుళ్ళు ఆడవాళ్ళందరికీ ఒకటే కదా, ఇందులో కులమేమిటి అని అడిగేవాళ్ళు మా మిత్రుల్లోనే ఉన్నారు. వాంతి అందరికీ ఒకటే, నిజం. వాంతి చేసుకున్నాక ఏం జరుగుతుందన్నదే మా ప్రశ్న.

తెలుగులో గర్భానికి సాహిత్యం లేదని అనలేం. స్త్రీల రామాయణపు పాటల్లో కౌసల్య వేవిళ్ళకే ఒక పాట ఉంది. వెల్చేరు నారాయణరావు 1991లో అచ్చయిన తన వ్యాసంలో ఈ పాటలను చర్చించినారు. మగ కవులు దశరథుడి యజ్ఞం దగ్గరా, పాయసం దగ్గరా ఆగిపోతే, ఈ పాటలు కట్టిన అగ్రవర్ణ స్త్రీలు కౌసల్య ఒంటి దగ్గరకు పోయినారు. తిన్నది ఇమడకపోవడం, నొప్పులు, మంత్రసాని కోసం పరుగు అన్నీ ఆ పాటల్లో ఉన్నాయి. దేవుడి పుట్టుకను పురిటి నొప్పి వైపు నుంచి చూసిన ఆ ధైర్యాన్ని మేం తక్కువ చేయడంలేదు. అయితే ఆ వేవిళ్ళకు ఒక ఇల్లు ఉంది. ఇంట్లో ఒక మంచం ఉంది, ఏం తినబుద్ధవుతుందని అడిగే అత్తలు, తోడికోడళ్ళు ఉన్నారు, కోరింది తెచ్చిపెట్టే వంటిల్లు ఉంది. మంత్రసాని వస్తుంది, బొడ్డు కోస్తుంది, కానుక పుచ్చుకుని పోతుంది. మన పల్లెల్లో ఆ పని చేసింది మంగలి, మాల, మాదిగ ఆడవాళ్ళు. ఇంటి మైలంతా ఎత్తిపోసి వాకిలి దాటి పోయిన ఆ మనిషికి అప్పుడు ఎన్నో నెలో పాట అడగదు.

అదే వ్యాసంలో అగ్రవర్ణేతర స్త్రీలు పనిచేసుకుంటూ పాడే రామాయణపు పాటల గురించి కూడా ఉంది. వాటి లోకం వేరు. అక్కడ సీత అడవి కష్టాలు, రావణుడు ఎత్తుకుపోవడం, యుద్ధం ముందుకొస్తాయి. వేవిళ్ల ముచ్చట్లకు అక్కడ చోటు దొరకదు. దీనికి మా వివరణ ఇది: పనిపాట అనేది పక్కన మేస్త్రీ ఉండగా పాడేది. నాకు ఒళ్ళు తిప్పుతోంది, నడుము లాగుతోంది అని కూలి చేసే చోట చెప్పుకోవడమంటే నన్ను రేపు పిలవొద్దని చెప్పుకోవడమే. అందుకని గర్భం పాటలోంచి తప్పుకుంది. అనుభవం లేక కాదు.

కోరికల సంగతీ అంతే. సంస్కృతంలో దీన్ని దోహదం అన్నారు. గర్భిణి కోరిక తీర్చకపోతే బిడ్డకు దోషమని శాస్త్రం. మన సాహిత్యంలో అన్నిటికన్నా పేరుపొందిన గర్భిణి కోరిక సీతది. గంగ ఒడ్డున మునుల ఆశ్రమాలు చూడాలని కోరింది. ఆ కోరికనే సాకు చేసి ఆమెను అడవిలో వదిలిపెట్టించినారు. రాణి కోరికకే ఆ గతి. ఇక మా వాడల్లో కోరిక అంటే ఏమిటి? పుల్లటి చింతకాయ చెట్టు మీద దొరుకుతుంది. తర్వాత మన్ను. వాన పడినప్పుడు గోడ నుంచి వచ్చే వాసనకు నోరూరడం, మట్టిపెళ్ళ గిల్లి నోట్లో వేసుకోవడం ఎరగని వాడ లేదు. బాలకృష్ణుడు తింటే నోట్లో లోకాలు కనపడినాయి. మా ఆడవాళ్ళు తింటే అలవాటు మంచిది కాదన్నారు. మన్ను తినాలనే కోరికకూ నెత్తురులో ఇనుము తక్కువ కావడానికీ సంబంధం ఉందని వైద్యం చెబుతోంది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే లెక్కలో దేశంలో గర్భిణుల్లో 52.2 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 53.7 శాతం రక్తహీనతతో ఉన్నారు. సగానికి పైగా. అంటే దోహదమని కావ్యాలు మురిపెంగా చెప్పిన కోరికే ఇక్కడ నెత్తురు చాలక ఒళ్ళు పెట్టే మొర.

ఇప్పుడు మరో రచనను చదువుదాం. తల్లీబిడ్డల రక్షణ కార్డు. దీన్ని సాహిత్యంగా చదవడమేమిటని నవ్వొద్దు. మా వాడల్లో గర్భం గురించి అచ్చులో చేరే రచన చాలామందికి ఇదొక్కటే. రాత్రి ఎనిమిది గంటల నిద్రకు తోడు పగలు రెండు గంటలు పడుకోమంటుంది. బరువులు ఎత్తొద్దంటుంది. ఎక్కువ తినమంటుంది. నూట ఎనభై రోజులు ఇనుము మాత్ర మింగమంటుంది. ఒక్క మాట కూడా తప్పు కాదు. కానీ ఈ వాక్యాలన్నిటికీ కర్త ఎవరు? పడుకోవలసింది ఆమె, తినవలసింది ఆమె, ఎత్తకూడనిది ఆమె. పడుకోనివ్వనిది ఎవరో కార్డులో లేదు.

ఈ పీఠభూమిలో సాలుకు పడే వాన ఇంచుమించు 550 మిల్లీమీటర్లు. చెనిక్కాయ విత్తేది జూన్, జూలైలో, కలుపులు ఆ తర్వాత, కాయ పీకేది చలి మొదలయ్యేటప్పుడు. ఆడవాళ్ళకు కూలి దొరికేదంతా ఈ నాలుగైదు నెలలే. వేవిళ్ళు కలుపుల్లో వచ్చినా, నెలలు నిండడం కాయ పీకుడుకు వచ్చినా ఆ సాలు గింజలు అక్కడే సంపాదించుకోవాల. వాన మొకం చాటేస్తే ఇంకో సంకటం. నేల గట్టిపడి చెట్టు పీకితే కాయ మట్టిలోనే తెగిపోతుంది, వంగి తవ్వుకోవాల. అసలు పంటే లేకపోతే పగలు రెండు గంటలు కాదు, దినమంతా విశ్రాంతే. కడుపులోకి మాత్రం ఏమీ పోదు. కార్డు చెప్పే విశ్రాంతీ కార్డు చెప్పే తిండీ ఒకే రోజున కలిసిరాకపోవడమే కరువు సీమలో గర్భం. మాత్ర సంగతీ చెప్పాల. ఖాళీ కడుపున మింగితే తిప్పుతుంది, మలం నల్లగా వస్తుంది, భయపడి ఆపేస్తారు. ఆపేసినందుకు ‘మూఢనమ్మకాలు’ అని రాసుకున్న సర్వే మనుషుల్ని మేం చూసినాం.

మనసు సంగతికి వస్తే కార్డు ఇంకా బీద. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కలో బీద దేశాల్లో గర్భిణుల్లో 15.6 శాతం, కానుపైన తర్వాత 19.8 శాతం మంది మనోవ్యాధితో, ముఖ్యంగా దిగులుతో బాధపడుతున్నారు. మా పల్లెల్లో ఈ దిగులుకు పేర్లు ఉన్నాయి. గాలి సోకింది అంటారు, దిష్టి అంటారు, ఊరికే ఏడుస్తుంది అంటారు. ఈ ‘ఊరికే’ అనే మాటతోనే మాకు పేచీ. మొగుడు బెంగుళూరు బేల్దారి పనికి పోయి దసరాకు కూడా రాకపోతే, బిందె నీళ్ళకు పొద్దుగూకులూ నిలబడాల్సి వస్తే, తొలిచూలు ఆడబిడ్డయి రెండోది ఏమవుతుందో అనుకుంటే, ఆ ఏడుపు ఊరికే వచ్చిందా? ఇదంతా మందు అక్కర్లేదని చెప్పడానికి కాదు. కడుపులో వచ్చే మార్పులకే మనసు అతలాకుతలమయ్యే సంగతి నిజం, దానికి వైద్యం అవసరం. అగ్రకుల గర్భిణి ఏడిస్తే సున్నితమైన మనసు అనీ, మా ఆడమనిషి ఏడిస్తే పని దొంగ అనీ చదివే చదువు మీదే మా కోపం.

ఇక సీమ సాహిత్యం. విద్వాన్ విశ్వం ‘పెన్నేటి పాట’ 1956లో అచ్చయింది. కరువును కావ్యం చేసిన గొప్ప రచన. కానీ అందులో ఏడుపు ఒకప్పుడు కలిగి, తర్వాత చితికిపోయిన ఇంటిది. ఆ తర్వాత వచ్చిన సీమ కథలు చాలావాటిలో కూడా కరువంటే రైతు పోగొట్టుకున్నది. మొదటినుంచీ పోగొట్టుకోవడానికి ఏమీ లేని ఇంట్లో కరువు ఏం తీసుకుపోతుంది? ఒంట్లోదే తీసుకుపోతుంది. చిలుకూరి దేవపుత్ర కథలూ, ‘పంచమం’ నవలా ఈ జిల్లా వాడల్ని సాహిత్యంలోకి తెచ్చినాయి. ఆ దారిలో ఆడమనిషి ఒంటి దాకా పోవలసింది ఇంకా మిగిలుంది.

స్త్రీవాదులు ఒంటి దాకా పోయినారు. కొండేపూడి నిర్మల ‘లేబర్ రూం’ పద్యం వచ్చినప్పుడు పురిటి గదికి కవిత్వంలో ఏం పని అని ముక్కు మూసుకున్న పెద్దలు ఉన్నారు. వాళ్ళ ముందు ఆ పద్యం పక్షాన మేం నిలబడతాం. కానీ లేబర్ రూం దాకా రాని కానుపుల మాట, వచ్చినా మంచం దక్కని వాళ్ళ మాట ‘స్త్రీ’ అనే ఏకవచనంలో ఇమడలేదు. గోగు శ్యామల సంపాదకత్వంలో 1921 నుంచి 2002 దాకా దళిత స్త్రీల రచనల్ని ఒకచోట చేర్చిన ‘నల్లపొద్దు’ ఈ ఏకవచనాన్ని పగలగొట్టింది. అంతకంటే ముందు మా తప్పు ఒప్పుకోవాల. మా దళిత కవులం, విమర్శకులం అమ్మ మీద రాసినంత మరెవ్వరూ రాసుండరు. అమ్మను నేల అన్నాం, చెప్పు కుట్టిన చెయ్యి అన్నాం, పోరాటం అన్నాం. ఆ అమ్మకు కడుపుతో ఉన్నప్పుడు ఏం తినాలనిపించిందో, ఏ రాత్రి భయపడిందో మేమూ అడగలేదు. ప్రతీకకు వాంతులు రావు గదా.

అంబేద్కర్ అడిగినారు. 1928 జూలైలో బొంబాయి శాసనమండలిలో ప్రసూతి ప్రయోజనాల బిల్లును సమర్థిస్తూ, కానుపుకు ముందూ తర్వాతా తల్లికి విశ్రాంతి దొరకడం దేశానికే మేలని, ఆడవాళ్ళ పనితో లాభపడే యజమాని కూడా ఆ ఖర్చు మోయాలని వాదించినారు. కార్డులో కనపడని కర్త ఇక్కడ కనపడుతున్నాడు చూడండి. 1929లో బొంబాయిలో చట్టం వచ్చింది. 1934లో మద్రాసులో వచ్చింది. అనంతపురం అప్పుడు మద్రాసు రాష్ట్రంలోదే. 1961లో దేశానికంతా వచ్చింది. 2017లో సెలవు 26 వారాలయింది. ఫ్యాక్టరీ, గని, తోట, దుకాణం దాకా వచ్చిన ఆ సెలవు చెనిక్కాయ చేను గట్టు దాటలేదు. 2013 ఆహార భద్రతా చట్టం గర్భిణులకు ఆరువేలకు తగ్గకుండా ఇవ్వాలంది. 2017లో మొదలైన మాతృవందన పథకం దాన్ని మొదటి కానుపుకు అయిదువేలు చేసింది. రెండో కానుపుకు 2022 నుంచి ఆడబిడ్డయితేనే.

ఉపాధి హామీ పథకం 2006 ఫిబ్రవరి 2న దేశంలో మొదలైంది ఈ జిల్లా నార్పల మండలం బండ్లపల్లిలోనే. పని దగ్గర నీడ, నీళ్ళు, చంటిబిడ్డల్ని చూసే మనిషి ఉండాలని రాసినారు. ఆడామగా ఒకే కూలి అన్నారు. కొలతల మాట వచ్చేసరికి తట్ట మట్టి ఎవరి కడుపునూ అడగదు.

జిల్లా పడమటి వైపు, బళ్ళారి సరిహద్దున, బసివిగా విడిచిన ఆడవాళ్ళున్న ఊళ్ళు ఉన్నాయి. 1988 చట్టం ఆ ఆచారాన్ని నిషేధించింది. ఆచారానికి బలైనవాళ్ళు, వాళ్ళ పిల్లలు ఇంకా ఉన్నారు. సీమంతం, పుట్టింటి సారె అనే మాటలు అక్కడికి చేరవు. కార్డులో తండ్రి పేరు గడి ఉంటుంది. ఆ గడి దగ్గర కలం ఆగినప్పుడు ఆ గర్భిణి మొకంలో ఏముంటుందో రాసిన తెలుగు కథ మేం చదవలేదు.

వచ్చే కలుపుల కాలంలో పాటలు సేకరించడానికి పోయే మా పరిశోధక మిత్రులకు ఒక మనవి. టేపు మేస్త్రీ ఉండగా సాళ్ళల్లో పెట్టొద్దు. మధ్యాహ్నం సంగటి ముద్ద తినేటప్పుడు, చింతచెట్టు కింద, ఆడవాళ్ళు మాత్రమే కూచున్నప్పుడు పెట్టండి. పాటే పాడమని అడగొద్దు. తొలిచూలు ఏ పంటకు వచ్చిందో అడగండి.