నాన్న గ్లాసులో ఏముంది?

పిల్లల తిండి మాట వస్తే డాక్టరైనా టీచరైనా ముందు అమ్మనే నిలదీస్తారు. హ్యూస్టన్‌లో మా పక్కింటి మెక్సికన్ కుటుంబాన్ని చూస్తుంటే, నాన్నను కూడా అడగాల్సింది చాలా ఉందనిపిస్తుంది.

వారమంతా వంటిల్లు ఆ ఇంటి తల్లిది. ఇళ్ల కప్పులు వేసే పనికి తండ్రి చీకటితోనే వెళ్లిపోతాడు. ఆదివారం పెరట్లో బొగ్గుల పొయ్యి మాత్రం ఆయనదే. ఆ వంటను కార్నే అసాదా అంటారు. నిమ్మరసం, వెల్లుల్లి పట్టించిన పల్చటి బీఫ్ ముక్కలు, పక్కనే కాడలతో సహా ఉల్లిపాయలు, పచ్చిమిరపకాయలు నిప్పుల మీద కాలుతుంటాయి. కొడుకు అక్కడే తచ్చాడుతుంటాడు. తండ్రి మాంసం తుంచి, వేడి టోర్టియా రొట్టెలో చుట్టి వాడి చేతికిస్తాడు. కాలిన మిరపకాయ మాత్రం ఇవ్వడు. తనే కొరికి, కళ్లల్లో నీళ్లు తిరుగుతున్నా నవ్వుతాడు. చూసి చూసి పిల్లాడు చెయ్యి చాస్తాడు. గింజల్లేని కొస కొంచెం దక్కుతుంది.

కారం ఇలాగే అబ్బుతుందని పరిశోధకులు పాల్ రోజిన్, డెబొరా షిల్లర్ 1980లో రాశారు. వాళ్లు చూసిన మెక్సికో పల్లెలో కారం తిన్నందుకు పిల్లలకు తాయిలాలేమీ ఉండవు. పెద్దవాళ్లు ఇష్టంగా తినడం చూసి వాళ్లే దారిలోకి వస్తారు. ఆవకాయ ముక్క కడిగి పెట్టించుకుని పెరిగిన మనకు ఇది కొత్త సంగతేం కాదు.

చిక్కేమిటంటే, కూల్‌డ్రింకూ ఈ దారినే వస్తుంది. అలసిన తండ్రి కోకాకోలా సీసా గటగటా తాగుతుంటే, కొడుక్కి మంచినీళ్లు శిక్షలా కనిపిస్తాయి. మెక్సికో 2014లో తీపి పానీయాల మీద లీటరుకు ఒక పెసో పన్ను వేసింది. పన్నుతో ధర పెరుగుతుంది గానీ, నాన్న చేతిలో సీసాకున్న మోజు తగ్గదు.

నాన్నను చూసే పిల్లలు నేర్చుకుంటారన్న కిటుకును హ్యూస్టన్‌లోని బేలర్ వైద్య కళాశాల పరిశోధకులు పట్టుకున్నారు. ఆస్ట్రేలియాలో తండ్రుల కోసం రూపొందిన కార్యక్రమాన్ని లాటినో కుటుంబాలకు తగ్గట్టు మలిచి, ‘పపాస్ సలుదాబ్లెస్, నిన్యోస్ సలుదాబ్లెస్’ (ఆరోగ్యంగా ఉండే నాన్నలు, ఆరోగ్యంగా ఉండే పిల్లలు) అని పేరు పెట్టారు. అక్కడ తండ్రీపిల్లలు కలిసి ఆడతారు, తిండి సంగతులూ కలిసే నేర్చుకుంటారు. నాన్నను నీతులు చెప్పేవాడిగా కాక, పిల్లల ఎదుట తినేవాడిగా చూడటం నాకు నచ్చింది.

అందుకోసం ఆదివారం పొయ్యి ఆర్పేయక్కర్లేదు. ఎండిన ఎర్రగోంగూర పూల రక్షకపత్రాలతో కాచి చల్లార్చే హమైకా మెక్సికన్ల సొంత పానీయమే. చక్కెర తగ్గించి, ముందు నాన్న తన గ్లాసులో వంచుకోవాలి. మన ఇళ్లలోనూ అంతే. కాకరకాయ కూర కంచం పక్కకు నెట్టేసే తండ్రి, దాని గుణాలు ఎన్ని వర్ణించినా పిల్లలు వినరు.