పిసకొద్దు, నిమరండి

ఒంటి మీద చెయ్యి వేసే పనికి తెలుగులో మాటలకు కొదవలేదు. రుద్దడం, ఒత్తడం, పిసకడం, పట్టడం, నిమరడం. దేని బలం దానిది, దేని వేళ దానిది. పత్తి ఏరి ఏరి నడుం పట్టేసిన మనిషికి కొత్తగూడెం జిల్లా చండ్రుగొండలో ఏ ఇంట్లోనైనా ఒత్తే చేతులు దొరుకుతాయి. మంచం పట్టి, ఇక లేవడని ఇంటిల్లిపాదికీ తెలిసిపోయిన మనిషి దగ్గరే ఆ చేతులు జంకుతాయి. ముట్టుకుంటే నొప్పెడుతుందేమో అని దూరంగా కూర్చుంటారు. లేదంటే ప్రేమ కొద్దీ పాత అలవాటున గట్టిగా పిసుకుతారు. రెండూ పొరపాటే. అక్కడ పనికొచ్చేది నిమరడం.

పెద్దాసుపత్రిలో ఇక చేసేదేమీ లేదని చెప్పి పంపితే క్యాన్సర్ రోగి తిరిగొచ్చేది ఈ అడవి అంచు ఊళ్లకే, వసారాలోని మంచం మీదికే. నిజానికి చేయాల్సింది చాలా ఉంటుంది. నొప్పి, ఆయాసం, నిద్రలేమి, భయం తగ్గించే వైద్యాన్ని పాలియేటివ్ కేర్ అంటున్నాం. హైదరాబాద్ ఎంఎన్‌జె క్యాన్సర్ ఆసుపత్రిలో వేళ్లూనుకున్న ఈ వైద్యం, తర్వాత ప్రభుత్వ కేంద్రాలుగా జిల్లాలకు చేరింది. తొలినాళ్లలోనే అందుకున్న జిల్లాల్లో ఖమ్మం ఒకటి. చివరి రోజుల్లో ఉన్నవాళ్లకు హైదరాబాద్‌లో ఉచితంగా సేవలందించే హాస్పిస్ పేరు ‘స్పర్శ్’. పేరు పెట్టినవాళ్లకు అసలు సంగతి తెలుసనిపిస్తుంది. నర్సులు ఇంటికొచ్చి చూసి వెళ్లినా, తక్కిన రోజులన్నీ కోడలివో కొడుకువో. ఈ నాలుగు మాటలూ వాళ్ల కోసమే.

మర్దన మందుకు బదులు కాదు. డాక్టరు నొప్పికి మార్ఫిన్ రాస్తే అది వేళకు వేయాల్సిందే. మరి మర్దన వల్ల ఒరిగేదేమిటి? 2008లో అమెరికాలో 380 మంది ముదిరిన క్యాన్సర్ రోగుల మీద ఒక పెద్ద పరిశీలన జరిగింది. రెండు వారాల్లో ఆరుసార్లు, ఒక్కోసారి అరగంట చొప్పున, సగం మందికి మర్దన చేశారు. తక్కినవారి ఒంటి మీద ఏ కదలికా లేకుండా ఊరికే చేతులు ఆనించి ఉంచారు. మర్దన అయిన వెంటనే పదింటి కొలతలో నొప్పి దాదాపు రెండు మెట్లు దిగింది. ఊరికే చెయ్యి వేసినవారికీ సుమారు ఒక మెట్టు దిగింది! రోజులు గడిచాక చూస్తే రెండు వర్గాల మధ్య పెద్ద తేడా మిగల్లేదు. మర్దన మేలు ఆ పూటదే అని కొందరు దీన్ని తీసిపారేస్తారు. రోజులు లెక్కపెట్టుకునే మనిషికి ఒక పూట తక్కువా?

ఇక పద్ధతి. ముందు అడగాలి. ‘తాతా, కాళ్లకు కాస్త నూనె రాయనా?’ అని. స్పృహ లేకపోయినా చెప్పే ముట్టుకోవాలి. తునికాకు కోసిన, కలుపు తీసిన చేతులు గరుకుగా ఉంటాయి. గోళ్లు తీసి, ఉంగరాలు పక్కన పెట్టి, గోరువెచ్చని నీళ్లతో కడుక్కోవాలి. మోకాళ్ల కింద దుప్పటి చుట్ట పెడితే నడుము సడలుతుంది. అరచెయ్యంతా ఆనేలా, వేళ్లతో పొడవకుండా, పాదం నుంచి పైకి మెల్లగా నిమరాలి. చర్మం జరగాలి, కండ నలగకూడదు. పాదాలు, అరచేతులు, నుదురు చాలు. పది పదిహేను నిమిషాలు మించక్కర్లేదు. కళ్లు ముఖం మీదే ఉండాలి. కనుబొమ్మలు ముడిపడితే ఆపాలి. ఆయాసపడేవాళ్లను పడుకోబెట్టకుండా, ఆనుకుని కూర్చోబెట్టి వీపు నిమిరితే ఊపిరి నెమ్మదిస్తుంది.

చెయ్యి వేయకూడని చోట్లూ ఉన్నాయి. గడ్డ ఉన్నచోట, రేడియేషన్ ఇచ్చినచోట, తెగిన చర్మం మీద వద్దు. ఒక కాలే వాచి, వేడిగా ఉంటే రక్తం గడ్డకట్టి ఉండొచ్చు. దాన్ని అసలు రుద్దొద్దు, నర్సుకు చెప్పాలి. క్యాన్సర్ ఎముకల్లోకి పాకినవాళ్లకు కొద్దిపాటి ఒత్తిడికే ఎముక విరగొచ్చు. నడుం కింద, మడమల దగ్గర చర్మం ఎర్రబడితే రుద్ది పోగొట్టాలని చూస్తారు. లోపల దెబ్బతిన్న కండ అలా ఇంకా పాడవుతుంది. అక్కడ కావలసింది మర్దన కాదు, పక్కకు తిప్పి బరువు తీయడం.

నూనె ఏదైనా ఫరవాలేదు, ఒంటికి పడాలి. కోయవాళ్ల ఇళ్లలో కీళ్లకు ఇప్పనూనె రాయడం పాత అలవాటు. చలికి పేరుకుంటుంది, గిన్నెను వేడినీళ్లలో ఉంచితే కరుగుతుంది. వాసన మాత్రం ఘాటు. మందుల వల్ల వికారంగా ఉన్నవాళ్లకు అది పడకపోతే కొబ్బరినూనె వాడొచ్చు. ఘాటైన బాములు, జండూలు వద్దు, ఆ పలచటి చర్మం భగ్గుమంటుంది.

ఇదేదో కొత్తగా నేర్చుకోవాల్సిన విద్య అని బెదరక్కర్లేదు. కాళ్లు చాచుకుని, వాటి మీద పసిబిడ్డను పడుకోబెట్టి, నూనె రాసి లాలపోసిన ముసలమ్మలు ప్రతి ఊళ్లోనూ ఉన్నారు. మెడ ఇంకా నిలవని ఒంటిని ఎంత బరువుతో ముట్టుకోవాలో ఆ చేతులకు తెలుసు. ముసలాయన మంచం దగ్గరా అంతే బరువు. నేర్పమని అడగాల్సింది వాళ్లను.

చివర్లో చెయ్యి చటుక్కున తీయకండి. పాదం మీద కాసేపు అలాగే ఉంచి, దుప్పటి కప్పండి. కప్పేముందు అరికాళ్ల నూనె పొడిగుడ్డతో తుడవడం మరిచిపోవద్దు. రాత్రి గోడ పట్టుకుని లేచే మనిషైతే గచ్చు మీద జారతాడు.