పాదరసం లాంటి మనిషి

పాతికేళ్ల కిందటి మాట. ఒక పత్రికలో రాత్రి డ్యూటీ చేస్తున్నాను. ఏజెన్సీ పంపిన వార్తలో ఒక నాయకుణ్ణి 'మెర్క్యురియల్' అన్నారు. మెర్క్యురీ అంటే పాదరసమేగా, ఇంక చూసేదేముంది! 'పాదరసం లాంటి నాయకుడు' అని రాసి పంపేశాను. తెల్లారేసరికి ఆయన అనుచరుడొకరు ఆఫీసుకు ఫోన్ చేసి థ్యాంక్స్ చెప్పాడు. ఇంగ్లీషులో చురక అంటించిన మనిషికి నేను తెలుగులో దండ వేశానన్నమాట.

మెర్క్యురియల్ అంటే గడియకో తీరుగా మారే స్వభావం. ఇప్పుడు నవ్విన మనిషి ఇంకాసేపటికి ఎందుకు కస్సుమంటాడో ఇంట్లోవాళ్లకే తెలియదు. అలాగని అది ఉత్త తిట్టూ కాదు. ఆటగాడినో నటుడినో అలా అంటే కొంత మెచ్చుకోలు కూడా ఉంటుంది. మన పాదరసం దారి వేరు. 'పిల్లోడు పాదరసంలా ఉన్నాడు' అంటే తల్లి మురిసిపోతుంది.

మా హొళగుందలో చిన్నప్పుడు ఒక కాంపౌండరు చేతిలోంచి థర్మామీటరు జారి బండల మీద పడింది. వెండి పూసలు నాలుగు దిక్కులా పరుగెత్తాయి. వేలు పెడితే ఒకటి రెండయ్యేది, దగ్గరికి నెడితే రెండూ మళ్లీ ఒకటే. వేలికి తడి మాత్రం అంటదు. ఇంత చిన్న బొట్టుకు ఇంత బరువేమిటా అనుకుంటూ అగ్గిపెట్టెలోకి ఎత్తుకున్నాం. నీళ్లకన్నా 13.6 రెట్లు బరువని చాలా ఏళ్ల తర్వాత చదివాను. అది విషమని ఆ రోజు చెప్పినవాళ్లు లేరు. ఆ పూసల్లో ఇంగ్లీషువాళ్లకు నిలకడ లేకపోవడం కనిపించింది. మనకు చురుకు కనిపించింది.

నిజానికి ఇంగ్లీషు మాట లోహంలోంచి పుట్టలేదు, గ్రహంలోంచి వచ్చింది. మెర్క్యురీ గ్రహం కింద పుట్టినవాళ్ల గుణం అది. ఆ గ్రహమే మన బుధుడు. 88 రోజుల్లో సూర్యుణ్ణి చుట్టేస్తాడు, అంత తొందర ఇంకే గ్రహానికీ లేదు. మన జ్యోతిష్కులూ ఆయన సంగతి కనిపెట్టకపోలేదు. శుభగ్రహంతో కూడితే శుభుడు, పాపగ్రహంతో కూడితే పాపి అన్నారు. ఆయన ఏలే మిథునం, కన్య రెండూ ద్విస్వభావ రాశులే. ఇంత తెలిసి కూడా మనం ఆ గుణాన్ని పాదరసానికి అంటగట్టలేదు.

మెర్క్యురియల్ అన్న మాటను ధరలకు మాత్రం అంతగా వాడరు. ఆదోని యార్డులో పత్తి క్వింటాలు రేటు ఎగిరి పడుతుంటే ఇంగ్లీషు పత్రికలు 'వోలటైల్' అంటాయి. లాటిన్‌లో ఎగరడమనే మాటలోంచి వచ్చింది, పెట్రోలులా ఆవిరై పోయేవాటికీ అదే మాట. (పత్తికి మరీ అతికినట్టుంది, కాస్త గాలి తగిలితే చాలు.) అదే మార్పును పొగడాలంటే 'డైనమిక్'. యార్డులో బోరెం మీద కూర్చున్న రైతుకు ఇవేవీ అక్కర్లేదు. 'నిన్నటి రేటు ఈపొద్దు లేదప్పా' అంటాడు, అంతే.

మాటలు జారిపోవడం మా వైపు కొత్తేమీ కాదు. ఇంట్లో తెలుగు, పక్కింట్లో కన్నడం. మా గడపలో పాలు, పులి అయినవి వాళ్ల గడపలో హాలు, హులి. అయినా మెర్క్యురియల్‌కు తెలుగు మాట కోసం నేను ఏళ్ల తరబడి నిఘంటువుల్లోనే వెతికాను. చంచలం, చపలం అని ఉంటుంది. చదివితే కుదురులేని కోతి గుర్తొస్తుందే గానీ మనిషి కనపడడు.

మా అవ్వ తన చిన్న తమ్ముణ్ణి తలుచుకున్నప్పుడల్లా 'వానికి గడియకో గుణం, ఏ గడియలో పోయినామో మనమే చూసుకోవల్ల' అనేది. కోపంగా కాదు, నవ్వుతూనే. ఆ మాట చెవిలో పెట్టుకుని నేను ఇంగ్లీషు-తెలుగు నిఘంటువులు తిరగేశాను!

ఇంకోసారి అదే మాట వార్తలో వస్తే 'గడియకో గుణం మనిషి' అని రాశాను. డెస్కులో ఎవరో మాండలికమని కొట్టేసి 'చంచల స్వభావుడు' అని పెట్టారు. ఈసారి ఫోనేమీ రాలేదు.