ఆట మిగలాలి కదా!

ఆండ్రీ అగస్సీ ఆత్మకథ ‘ఓపెన్’ (2009) చదివారా? ఎనిమిది గ్రాండ్‌స్లామ్ సింగిల్స్ టైటిళ్ళు గెలిచినాయన, తనకు టెన్నిస్ అంటేనే అసహ్యమని మొహమాటం లేకుండా చెప్పేశాడు! ఏడేళ్ళ వయసులో, లాస్ వేగాస్‌లోని ఇంటి పెరట్లో, తండ్రి బంతులు విసిరే యంత్రాన్ని ఎదురుగా పెట్టి రోజుకు 2,500 బంతులు కొట్టించేవాడట. పిల్లాడు దానికి ‘డ్రాగన్’ అని పేరు పెట్టుకున్నాడు. నడుమ మ్యాచీల వర్ణన కాస్త విసిగించినా, ఆ బాల్యం చెప్పిన తీరు మంచి నవలకు తీసిపోదు.

ఆ పేజీల దగ్గర నా ప్రాణం చివుక్కుమంది. ఎందుకంటారా? మా అమ్మాయిని తెల్లవారుజామున నిద్రలేపి కోచింగుకు తరిమిన తల్లిని నేనూ. కప్పులు రాలేదని సాధించాను కూడా. ఓ రోజు అది రాకెట్టును అటకెక్కించేసింది.

ఈమధ్య ఆదివారాలు స్నేహితురాళ్ళతో మళ్ళీ ఆడుతోంది. బంతి నెట్‌కి తగిలినా పకపకా నవ్వుతోంది. అగస్సీ బాల్యంలో నాకు కనిపించనిది ఆ నవ్వే.

ఛాంపియన్లు వద్దనను. వాళ్ళ ఆట చూసి నేనూ చప్పట్లు కొడతాను. కానీ కప్పు వచ్చేది ఏ ఒక్కరికో అయినప్పుడు, తక్కిన పిల్లలకు ఆటయినా మిగలాలి కదూ?

అమ్మాయి ఇంటికొస్తే ‘గెలిచావా?’ అని అడగడం మానేశాను.